కంటికి వినిపించే పుటలు: విజయనగరంలో ఒక పాత పత్రికల దుకాణం

విజయనగరంలో గంటస్తంభం నుంచి కోట వైపు వెళ్లే దారికి దగ్గరలో, ఒక పక్క సందులో, పేరు పలక లేని పాత పత్రికల దుకాణం ఒకటి ఉంది. పోటీ పరీక్షల పుస్తకాలు, బడిపిల్లల గైడ్లు, పాత వారపత్రికలు అమ్మే దుకాణాలు ఈ ఊళ్లో మరికొన్ని ఉన్నాయి గానీ, సంగీత పత్రికలను విడిగా ఒక అలమరలో సర్ది అమ్మేది నాకు తెలిసినంతలో ఇదొక్కటే. 1919లో విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల స్థాపించిన ఊరిలో, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు పాఠాలు చెప్పిన ఊరిలో అలాంటి అలమర ఉండడం సహజమే అనిపించవచ్చు. నిజానికి సంగీతం మీద పాఠ్యపుస్తకాలు దొరికినంత సులువుగా పత్రికలు ఇక్కడ దొరకవు. వయొలిన్ పాఠాలు చెప్పుకుంటూ, మా సంగీత సభ వార్షిక సంచికకు పేజీలు కూర్చే పని కూడా చూసుకునే నాకు ఈ దుకాణం రెండు విధాల ఉపయోగపడింది. చదువుకోవడానికి పత్రికలు దొరికాయి, పేజీ ఎలా కట్టాలో చూసి నేర్చుకోవడానికి నమూనాలూ దొరికాయి. ఈ సమీక్షలో రెండో ఉపయోగం గురించే ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే ఈ దుకాణం అసలు విలువ అక్కడే ఉందని నా నమ్మకం.

గది చిన్నది. వీధి వైపు గుమ్మానికి అడ్డంగా కట్టిన నైలాను తాడుకు కొత్తగా వచ్చిన సంచికలను క్లిప్పులతో వేలాడదీస్తారు. లోపల ఎడమ గోడకు ఏటవాలుగా బిగించిన చెక్క మెట్లున్నాయి. వాటి మీద పత్రికలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి కాబట్టి, ముందున్న పత్రికకు అట్ట మొత్తం కనిపిస్తుంది, వెనక ఉన్నవాటికి పైన బెత్తెడు భాగం మాత్రమే కనిపిస్తుంది. పత్రిక పేరును అట్ట పైభాగంలోనే ఎందుకు అచ్చు వేస్తారో ఈ మెట్ల ముందు నిలబడినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ బెత్తెడు జాగాలోనే పేరు, రంగు, ఒక కళాకారుడి నుదురు, కళ్లు కనిపించి, వాటితోనే చెయ్యి ఆ పత్రిక మీదికి వెళ్లాలి. పత్రికలను పక్కపక్కన ఒకదాని మీద ఒకటి వాలేలా పేర్చే స్టాండ్లలో ఎడమ అంచు మాత్రమే బయటికి కనిపిస్తుంది గనుక, చాలా విదేశీ పత్రికలు ముఖ్యమైన శీర్షికలను ఎడమ వైపుకు జరిపి పెడతాయి. పత్రికను అమ్మే చోటు ఎలా ఉంటుందో దాని అట్ట అలా తయారవుతుందన్న సంగతి ఈ దుకాణంలో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

దుకాణం యజమానిని నేను బాబాయి గారని పిలుస్తాను. ఆయనకు సంగీతంతో పెద్దగా పరిచయం లేదు, పత్రికలతో మాత్రం చాలా ఏళ్ల పరిచయం ఉంది. “అట్ట సూసే సెయ్యెడతారమ్మా. లోపలేటున్నాదో ఇంటికెల్లేకే సూసుకుంటారు” అని ఆయన అన్న మాట నాకు బాగా నచ్చింది. అయితే సంగీత పత్రికల విషయంలో ఆ మాట సగమే నిజం. అట్ట పిలుస్తుంది, కానీ నిలబెట్టేది లోపలి పేజీ. ఈ అలమర ముందు నిలబడినవారిని గమనిస్తే, పత్రిక తీసిన ప్రతి ఒక్కరూ వెంటనే దాన్ని మధ్యకు తెరిచి, అక్కడి రెండు పేజీలు చూసి, ఆ తరువాతే కొనాలా వద్దా అని నిర్ణయించుకోవడం కనిపిస్తుంది.

సంగీత పత్రికకు ఉన్న ఇబ్బంది మరే పత్రికకూ లేదు. సినిమా పత్రిక సినిమాలోని దృశ్యాన్నే అచ్చు వేయగలదు. వంటల పత్రిక వండిన పదార్థం ఫోటో చూపించి నోరూరించగలదు. పాటను మాత్రం కాగితం మీద వినిపించడం సాధ్యం కాదు. కాబట్టి వినిపించలేనిదాన్ని అక్షరాల ఆకారంతో, కాగితం రకంతో, రంగుతో, ఖాళీగా వదిలిన జాగాతో సూచించాలి. 1981లో బ్రిటన్‌లో మొదలైన కెరాంగ్ అనే పత్రిక హెవీ మెటల్ సంగీతానిది. దాని పేరులోని అక్షరాలు పగిలి బీటలు వారినట్టు ఉంటాయి. ఆ సంగీతం ఒక్కసారి కూడా వినని మనిషికి సైతం ఆ అక్షరాలు చూడగానే లోపల ఎలాంటి మోత ఉంటుందో అర్థమవుతుంది. ఒక పత్రిక రూపం మంచిదా కాదా అని తేల్చడానికి నేను పెట్టుకున్న కొలత ఇదే: పేజీ చూపించే స్వభావమూ, అందులో రాసిన సంగీతపు స్వభావమూ ఒకటేనా? ఈ దుకాణంలోని పత్రికలను ఆ కొలతతోనే చూశాను.

విదేశీ పత్రికల్లో ఇక్కడ ఎక్కువగా దొరికేది అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్. విశాఖపట్నం నుంచి తూకానికి వచ్చే కట్టల్లో ఇవి వస్తాయట. 1967 నవంబరు 9 తేదీతో శాన్‌ఫ్రాన్సిస్కోలో వెలువడిన తొలి సంచిక దినపత్రికలు అచ్చు వేసే న్యూస్‌ప్రింట్ మీదే వచ్చింది. టాబ్లాయిడ్ కాగితాన్ని మధ్యకు మడిచి, పైకి కనిపించే సగాన్ని అట్టగా వాడుకున్నారు. ఆ అట్ట మీద, ఒక సినిమా కోసం సైనికుడి వేషం వేసిన బీటిల్స్ బృందపు గాయకుడు జాన్ లెనన్ ఫోటో ఉంది. పత్రిక పేరును రాసిన రిక్ గ్రిఫిన్ ఆ రోజుల్లో అక్కడి సంగీత కచేరీలకు పోస్టర్లు వేసిన చిత్రకారుడు. అంటే ఆ పత్రిక చదవబోయే యువకులు కచేరీకి వెళ్లే దారిలో గోడల మీద ఏ అక్షరాలు చూస్తున్నారో, ఆ అక్షరాల చేతివాటమే పత్రిక పేరులోనూ కనిపించింది. పాఠకుణ్ణి ఆకర్షించడానికి కొత్తగా ఏదో కనిపెట్టనక్కరలేకపోయింది. పాఠకుడు అప్పటికే ప్రేమిస్తున్న రూపాన్ని తెచ్చి పత్రికకు తొడిగారు. అక్షరాలను తరువాతి కాలంలో జిమ్ పార్కిన్సన్ తీర్చిదిద్దినా, ఆ వంపులు మాత్రం మిగిలాయి.

ఆ పత్రిక అట్టల్లో అందరికీ తెలిసినది 1981 జనవరి 22 నాటి సంచికది. లెనన్ హత్యకు గురైన 1980 డిసెంబరు 8వ తేదీనే, అంతకు కొన్ని గంటల ముందు, ఆనీ లీబోవిట్జ్ తీసిన లెనన్, అతని భార్య యోకో ఓనోల ఫోటోను దాని మీద వేశారు. పత్రిక పేరు తప్ప లోపలి వ్యాసాల శీర్షికలేవీ ఆ అట్ట మీద లేవు. ఎక్కువ శీర్షికలు పెడితే ఎక్కువమంది కొంటారని నమ్మే వ్యాపారంలో, ఒక్క శీర్షికా లేకుండా సంచికను బజారుకు పంపడం చిన్న నిర్ణయం కాదు. 2005లో అమెరికా పత్రికా సంపాదకుల సంఘం గడిచిన నలభై ఏళ్లలో వచ్చిన అట్టలన్నింటిలో దానికే మొదటి స్థానం ఇచ్చింది. ఆ సంచిక ఈ దుకాణంలో లేదు, ఉంటుందని ఆశించడం కూడా న్యాయం కాదు. కానీ ఇక్కడున్న సంచికల అట్టలను వరుసగా చూస్తున్నప్పుడు, చుట్టూ పది శీర్షికలు కిక్కిరిసిన ముఖం కన్నా, రెండు మూడు మాటలతో ఊరుకున్న ముఖమే దూరం నుంచి పిలవడం గమనించాను. కొన్ని అట్టల మీద కళాకారుడి తల పత్రిక పేరుకు అడ్డం వచ్చి, మధ్యలోని రెండు మూడు అక్షరాలు కనిపించవు. మిగిలిన అక్షరాలతోనే జనం గుర్తుపడతారన్న ధీమా ఉన్న పత్రికే ఆ పని చేయగలదు. కొత్తగా పెట్టిన చిన్న పత్రిక అలా చేస్తే దాని పేరే పోతుంది.

ఈ అలమరలో రోలింగ్ స్టోన్ రెండు కొలతల్లో కనిపిస్తుంది. 2008 అక్టోబరు వరకు అది మిగిలిన పత్రికల కన్నా వెడల్పుగా ఉండేది. అప్పుడు దాన్ని మామూలు పత్రికల కొలతకు తగ్గించారు, 2018లో మాసపత్రికగా మారినప్పుడు మళ్లీ పెంచారు. పెద్ద కొలత సంచికలు చెక్క మెట్ల మీద పట్టక మూలలు నలిగిపోయి ఉన్నాయి. అయినా నేను వాటినే ఏరుకుంటాను. ఫ్రెడ్ వుడ్‌వర్డ్ 1987 నుంచి 2001 వరకు ఆ పత్రికకు కళా దర్శకుడిగా ఉన్న కాలంలో, ముఖ్య వ్యాసం మొదలయ్యే రెండు ఎదురెదురు పేజీల్లో ఒక పేజీని ఫోటోకు, మరో పేజీని అక్షరాలకు వదిలేసేవారు. శీర్షికలోని ఒక్క అక్షరమే పేజీ ఎత్తంతా నిలబడిన సందర్భాలు కూడా ఉన్నాయి. వ్యాసం ఆ తరువాతి పేజీలో గాని ఊపందుకోదు. అంత విలువైన జాగాను ఒక శీర్షిక కోసం ఖర్చు చేయడం దుబారా అని మొదట అనిపించవచ్చు. రాగం ఎత్తుకునే ముందు గాయకుడు శ్రుతి పట్టుకుని కాసేపు ఊరుకునే ఊరుకోలు ఎలాంటిదో, ఆ ఖాళీ అలాంటిది. చదవబోయేది ముఖ్యమైనదని ఒక్క మాట కూడా రాయకుండా చెబుతుంది. ఆ పేజీల చుట్టూ లావు గీత, సన్న గీత జంటగా వేసిన చట్రం ఒకటి ఉంటుంది. పేజీలో ఎంత ఆట ఆడినా ఆ చట్రం వల్ల అది అదే పత్రిక అని మరచిపోలేము.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లినది 1992లో కాలిఫోర్నియాలో మొదలైన రే గన్ అనే సంగీత పత్రిక. దాని రూపకర్త డేవిడ్ కార్సన్ కాలమ్‌లను ఒకదాని మీదికి ఒకటి జరిపారు, అక్షరాలను సగంలో కోశారు. 1994లో గాయకుడు బ్రయన్ ఫెర్రీతో చేసిన సంభాషణ నచ్చక, దాన్ని చుక్కలూ గుర్తులూ తప్ప అక్షరాలే లేని డింగ్‌బ్యాట్ ఫాంటులో అచ్చు వేశారు. రూపకల్పన గురించి మాట్లాడే వారందరూ ఆ పేజీని ప్రస్తావిస్తారు. ఆ ధైర్యం చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ ఆ దారి మనకు పనికిరాదని గట్టిగా నమ్ముతాను. బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో జీవితమంతా నాదస్వరం వాయించిన మనిషి గురించి జీవితంలో ఒక్కసారి పత్రికలో రెండు పేజీలు వస్తే, ఆ రెండు పేజీలు అతని ఇంటివాళ్లు కూడబలుక్కుని చదివేలా ఉండాలి. చదవడానికి అడ్డం వచ్చే అందాన్ని ఆ ఇంటికి తీసుకువెళ్లి ఇవ్వలేము.

మన దేశపు పత్రికలకు వస్తే, అలహాబాదు నుంచి 1993లో మొదలైన రాక్ స్ట్రీట్ జర్నల్ విడి సంచికలు, 2008లో మొదలైన రోలింగ్ స్టోన్ ఇండియా సంచికలు ఇక్కడ అప్పుడప్పుడు వస్తాయి. వాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రెండోది మూలపత్రిక చట్రాన్ని అలాగే తెచ్చుకుంది. నేను ఎక్కువసేపు చూసినది 1983 అక్టోబరులో చెన్నైలో ఎన్. పట్టాభిరామన్ మొదలుపెట్టిన శ్రుతి. కర్ణాటక సంగీతానికి, నాట్యానికి ఆంగ్లంలో అంత నిలకడగా వచ్చిన మాసపత్రిక మరొకటి కనిపించదు. దాని పేజీ ఆడంబరం లేనిది. ఫోటో కింద ఎవరు, ఎవరి పక్కన కూర్చున్నారు అన్నది శ్రద్ధగా రాస్తారు, అది పాఠకుడి పట్ల మర్యాద అని నేను భావిస్తాను. అంతకన్నా నిరాడంబరమైనది మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి జర్నల్. 1930లో మొదలైన ఆ పత్రిక పండితుల కోసం వచ్చినది గనుక, బజారులో ఎవరినీ పిలవవలసిన అవసరం దానికి లేదు, పిలవదు కూడా. మన పత్రికలు చాలావరకు ఈ జర్నల్ అలవాట్లను ఆదర్శంగా తీసుకుని, బజారులో అమ్ముడుపోవాలని ఆశపడ్డాయి. ఆ రెండూ ఒకచోట కుదరవు.

శాస్త్రీయ సంగీత పత్రికల అట్టలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది, దాన్ని ఇక్కడి సంచికలు పరిశీలించినప్పుడే స్పష్టంగా చూశాను. అట్ట నిలువుగా ఉంటుంది, వీణ అడ్డంగా ఉంటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణను వాయిద్యకారుడి ఒళ్లో చూసినవారికి, దాని పొడవు మనిషి వెడల్పుకు ఎంత మించుతుందో తెలుసు. దాన్ని నిలువు అట్టలో మొత్తం చూపించాలంటే మనిషి ముఖం గోరంత అవుతుంది. ముఖం పెద్దది చేస్తే ఒక వైపు నాదం పలికే కుండ, లేదా మరో వైపు దండి చివర చెక్కిన యాళి (సింహాన్ని పోలిన ఊహా జంతువు) ముఖం తెగిపోతుంది. చాలా సంచికలు యాళి ముఖాన్ని కోసేశాయి. ఆ ముఖాన్ని చెక్కడానికి రోజుల తరబడి పని చేసిన వడ్రంగి ఆ అట్ట చూస్తే ఏమనుకుంటాడోనని నాకు బాధ కలిగింది. ఒక్క పాత సంచికలో మాత్రం ముందు అట్టనూ వెనక అట్టనూ కలిపి ఒకే ఫోటో వేశారు. ముందు నుంచి చూస్తే విద్వాంసురాలి ముఖం, ఎడమచెయ్యి, యాళి కనిపిస్తాయి, పత్రికను తెరిచి బోర్లా పెడితే దండి వెంబడి కుండ వరకు వీణ మొత్తం కనిపిస్తుంది. వెనక అట్ట మీద వచ్చే ప్రకటన సొమ్ము వదులుకుని చేసిన పని అది. వయొలిన్‌తో ఇంత చిక్కు లేదు, మన పద్ధతిలో కింద కూర్చుని పాదం మీద ఆనించి పట్టుకుంటాము కాబట్టి అది అట్టలో ఐమూలగా చక్కగా ఇముడుతుంది.

అలమర కింది అరలో సినిమా పాటల పుస్తకాలు కట్టలుగా ఉన్నాయి. ఒకప్పుడు సినిమా హాళ్ల ముందు కొద్దిపాటి డబ్బుకు అమ్మిన ఈ పలుచని పుస్తకాలను పత్రికలుగా లెక్కించరు గానీ, పేజీ కట్టే పనిలో వాటి నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. పాట పైన రచయిత, సంగీతం, గానం పేర్లు వరుసగా ఉంటాయి. యుగళగీతమైతే అతడు, ఆమె అన్న మాటలు ఎడమ అంచున నిలబడి ఉంటాయి. చరణం ముగిసిన చోట పల్లవి మొత్తం మళ్లీ అచ్చు వేయకుండా, దాని మొదటి మాటను రెండు నిలువు గీతల మధ్య ॥ ॥ పెట్టి ఊరుకుంటారు. ఆ గుర్తు చూడగానే చదువుతున్న మనిషి గొంతు తనంత తాను పల్లవికి తిరిగి వెళ్తుంది. జాగా ఆదా అయింది, పాట నడకా కనిపించింది. బ్రిటన్‌లో 1978లో మొదలైన స్మాష్ హిట్స్ పత్రిక పాటల సాహిత్యాన్ని రంగుల ఫోటోల పక్కన అచ్చు వేసి లక్షల మందిని ఆకట్టుకుంది. పాట విన్నవాడికి దాని మాటలు చేతిలో ఉండాలన్న కోరికను మన పాటల పుస్తకాలు నాసిరకం కాగితం మీద, ఒకటి రెండు రంగుల్లోనే తీర్చాయి. 1966లో మద్రాసు నుంచి మొదలైన విజయచిత్ర అనే సినిమా పత్రిక సంచికలు కూడా ఒకటి రెండు కనిపించాయి. రంగుల ఆఫ్‌సెట్ అచ్చుతో తెలుగు పాఠకులకు కొత్త రుచి చూపించిన పత్రిక అది, ఇప్పటికీ ఆ రంగులు కళ తప్పలేదు.

ఇక నేను అన్నింటికన్నా పట్టుదలగా వెతికినది స్వరలిపి, అంటే పాటలోని స్వరాలను తాళంతో సహా కాగితం మీద రాసే పద్ధతి. సంగీత పత్రికలో పాఠకుడు నిజంగా పత్రికను ముందు పెట్టుకుని కూర్చునే పేజీ అదే, పేజీ కట్టేవారి పనితనం తేలిపోయే పేజీ కూడా అదే. ఆది తాళంలో మొదటి పాఠమైన సరళీ స్వరం ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఇలా ఉంటుంది: స రి గ మ | ప ద | ని స ॥. నాలుగు, రెండు, రెండు అక్షరాల తరువాత వచ్చే గీతలు తాళాంగాలను, అంటే తాళంలోని భాగాలను, చూపిస్తాయి. కింది వరుసలో కూడా ఆ గీతలు సరిగ్గా పై గీతల కిందికే వస్తే, కన్ను తాళం వేయడం మొదలుపెడుతుంది. ఒక వరుసలో దీర్ఘాలు ఎక్కువగా ఉన్నాయని జాగా సర్దుకోవడానికి గీతను అర అంగుళం పక్కకు జరిపితే, నేర్చుకునే పిల్ల అక్కడ తడబడుతుంది. తారస్థాయి స్వరానికి పైన చుక్క, మంద్రస్థాయికి కింద చుక్క, రెండో కాలానికి స్వరాల మీద అడ్డగీత, వీటన్నింటి కింద సాహిత్యం. తెలుగు అక్షరానికి ఇప్పటికే పైన తలకట్టు, గుడి, కింద వత్తు ఉంటాయి. రి మీద గుడి, దాని మీద చుక్క, దాని మీద కాలపు గీత చేరేసరికి పై వరుసలోని సాహిత్యపు వత్తులు వచ్చి వాటికి తగులుతాయి. ఆంగ్లానికి సరిపోయే వరుసల ఎడం దీనికి ఏమాత్రం చాలదు. ఎడం పెంచితే పేజీలు పెరుగుతాయి, పేజీలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. అందుకే చాలా పత్రికలు ఇక్కడే చెయ్యి బిగబడతాయి.

ఇది ఎప్పటికీ తీరని చిక్కేమీ కాదు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే గ్రంథాన్ని తెలుగు లిపిలోనే అచ్చు వేయించారు. అందులో స్వరాల మీద ఒక్కో గమకానికి (స్వరాన్ని ఊపి పలికే తీరుకు) ఒక్కో గుర్తు ఉంది. సీసపు అక్షరాలు చేత్తో పేర్చిన కాలంలో అది సాధ్యమైంది. ఇప్పుడు మా డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్, అనూ ఫాంట్లతో పని చేస్తున్నప్పుడు చుక్కలను విడిగా పెట్టి ఒక్కొక్కటి జరపవలసి వస్తుంది, ఫాంటు మారిస్తే అవన్నీ చెదిరిపోతాయి. ఓపిక ఉంటే అదీ కుదురుతుంది. ఈ దుకాణంలో దొరికిన ఒక పాత తెలుగు సంచికలో ఒక వర్ణాన్ని సరిగ్గా ఎదురెదురు రెండు పేజీల్లో ముగిసేలా కూర్చారు. ఒక చేతిలో వయొలిన్, మరో చేతిలో కమాను ఉన్న మనిషికి పేజీ తిప్పడానికి మూడో చెయ్యి ఉండదని తెలిసినవారు చేసిన పని అది. ఆ సంచిక మధ్యలో పిన్నులు కొట్టిన పత్రిక గనుక నేల మీద పరిస్తే చదునుగా పడి ఉంటుంది. వీపుకు గమ్ అంటించిన మందపాటి పత్రికలు అలా పడి ఉండవు, తెరిచినా మూసుకుపోతాయి, లోపలి మార్జిన్ చాలకపోతే వరుసలోని మొదటి స్వరం మడతలోకి వెళ్లిపోతుంది. ఆ వర్ణం ఉన్న రెండు పేజీల అంచులు చమురు చేతుల మరకలతో గోధుమ రంగుకు తిరిగాయి. ఎవరో ఆ పేజీలను ముందు పెట్టుకుని చాలా కాలం సాధన చేశారు. పాఠకుణ్ణి ఆకట్టుకున్నందుకు ఒక పత్రికకు అంతకన్నా పెద్ద రుజువు ఉంటుందనుకోను.

మన జిల్లాల్లో సభలు వేసే వార్షిక సంచికల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. అట్ట మీద వరుసగా దాతల ఫోటోలు, లోపల మొదటి ఇరవై పేజీల్లో శుభాకాంక్షల ప్రకటనలు, ఆ తరువాత ఎక్కడో ఒక మూల విద్వాంసుడి మీద వ్యాసం ఉంటుంది. దాతలు లేకపోతే సంచికే లేదు, ఆ కృతజ్ఞత తప్పనిసరి. కానీ వారి ఫోటోలను చివరి పేజీల్లో ఒక పద్ధతిగా, పెద్దవిగా వేస్తే వారి గౌరవమూ పెరుగుతుంది, అట్ట కూడా సంగీతానికి మిగులుతుంది. పది రకాల ఫాంట్లు కలపడం, ప్రతి శీర్షికకు నీడ వేయడం, పేజీ వెనక లేత రంగులో వీణ బొమ్మ వేసి దాని మీద వ్యాసం అచ్చు వేయడం మానుకుంటే చాలు, సగం పని అయిపోతుంది. శీర్షికలకు వాడుకోదగ్గ తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. సిలికానాంధ్ర సంస్థ వెలువరించినవాటిలో గిడుగు, గురజాడ పేర్లతో కూడా ఉన్నాయి. ఉత్తరాంధ్ర సంచికకు ఆ ఇద్దరి పేర్లున్న అక్షరాలు తొడగడం నాకెంతో ఇష్టమైన ఆలోచన.

దుకాణం విషయంలో లోపాలు కూడా చెప్పాలి. తాడుకు వేలాడే సంచికల మీద మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది, నెల తిరగకుండానే ఎరుపు రంగు వెలిసిపోయి అట్టలన్నీ నీలంగా మారిపోతాయి. ధర చీటీలను నేరుగా అట్ట మీద, కొన్నిసార్లు కళాకారుడి ముఖం మీదే, గట్టి జిగురుతో అంటిస్తారు. తీయబోతే కాగితం లేచి వస్తుంది. వెనక అట్ట మీద పెన్సిలుతో రాయమని బాబాయి గారికి చెప్పాను, ఈ మధ్య వచ్చిన కట్టకు అలాగే రాస్తున్నారు. వానాకాలంలో కింది అరకు చెమ్మ తగిలి, గ్లాసీ కాగితం పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. పత్రికలు సంవత్సరాల వరుసలో ఉండవు, వెతుక్కోవడానికి తీరిక కావాలి. ధరలు మాత్రం న్యాయంగానే ఉన్నాయి. ఆయన తూకాన్ని బట్టి కాక అట్టను బట్టి ధర కడతారు కాబట్టి, నలిగిన అట్ట వెనక మంచి సంచిక ఉంటే అది కొనేవారికే లాభం. నేను మెచ్చుకున్న ఆ స్వరలిపి సంచిక ఒక పాటల పుస్తకం ధరకే దొరికింది.

పత్రికలు కూర్చే పనిలో ఉన్నవారు, సభల సంచికలు వేసేవారు, సంగీత కళాశాల విద్యార్థులు ఈ దుకాణానికి తప్పక వెళ్లాలని నా సలహా. ఉదయం పూట వెళ్తే వెలుతురు బాగుంటుంది, పత్రికలు తెరిచి చూడడానికి యజమాని అభ్యంతరం చెప్పరు. సిరిమాను పండుగ రోజుల్లో ఆ వీధుల్లో నిలబడే చోటు ఉండదు గనుక ఆ వారం మానుకోవడం మంచిది. కొనే ముందు మధ్య పేజీలు ఉన్నాయో లేదో చూసుకోవాలి, బ్లోఅప్ ఫోటోల కోసం వాటిని ముందే ఎవరో చింపుకుని ఉంటారు, ఆ కాగితానికి అవతలి వైపు ఉన్న వ్యాసం కూడా వాటితోనే పోతుంది. పిన్నులు తుప్పు పట్టి ఉంటే ఇంటికి వెళ్లగానే తీసేసి దారంతో కుట్టుకోవాలి. స్వరలిపి ఉన్న సంచికలు కావాలంటే ముందుగా చెప్పి రావాలి, కట్టలు విప్పినప్పుడు ఆయన వాటిని పక్కన పెడతారు.